కొత్త కొలతలు

బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. లోపల కడ్డీకి ఖాళీ హ్యాంగర్లు వేలాడుతున్నాయి. ఎవరు మూస్తే వాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమోనని, పొద్దుటినుంచీ వాటి జోలికి ఎవరూ పోలేదు.

"అడక్కుండా ఎలా ఇచ్చేశావమ్మా?" అన్నాడు అద్దాలాయన. పొద్దున అతను బీరువా తెరిచింది మొదలు అదే ప్రశ్న, మూడోసారో నాలుగోసారో.

"అడిగితే ఇవ్వనంటుంది కాబట్టి."

వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు గనక చుట్టుపక్కల అందరికీ అతను అద్దాలాయనే. తల్లికి మాత్రం ఇప్పటికీ 'ఒరే'. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. నిలబడే మాట్లాడటం, ఒక్క ముక్కలో తేల్చెయ్యడం, ఉద్యోగం పోయినా పోలేదు.

"వేసుకునే బట్టలయితే నేను ముట్టుకుంటానట్రా? ఎప్పటి కొలతలో అవి. రెండు కాన్పులయ్యాయి. ఇప్పుడు ఆ కోటు మోచేతి దాకా ఎక్కితే గొప్ప. నీ చెల్లెలికి కొత్త ఉద్యోగం, వేసుకెళ్ళడానికి సరైన బట్టల్లేవు. ఇక్కడ చూస్తే చిమ్మెటలు కొడుతున్నాయి."

"ఎక్కినా ఎక్కకపోయినా తనవి. సోమవారం పనిలో చేరాలి. ఇవాళ శనివారం. ఏం వేసుకుని వెళ్తుంది?"

"అవి ఉంటే మాత్రం ఏం వేసుకుని వెళ్ళేదిరా?"

ఆ మాటతో అతని కోపం ఇంకా పెరిగింది.

అతని భార్య దుబాసి మంచం అంచున కూర్చుని పాపాయి మేజోళ్ళు జతలు కలుపుతోంది. ఒకరి భాషలో మాట ఇంకొకరి భాషలో చెప్పడం ఆమె వృత్తి. కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, ఓడల కంపెనీల బేరసారాల్లో, ఇద్దరి మధ్యా కాస్త వెనగ్గా కూర్చుని మాట్లాడేది. మామగారు ముద్దుగా పెట్టిన పేరది. ఆయన పోయారు, పేరు మిగిలింది. పెద్దాడు పుట్టినప్పుడు కొన్నాళ్ళు, ఇప్పుడు పాపాయికి ఎనిమిదో నెల వచ్చేదాకా ఇన్నాళ్ళు, ఆమె ఇల్లు కదల్లేదు.

వాళ్ళిద్దరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. పంటి డాక్టరు మత్తుసూది వేశాక బుగ్గ తడుముకుంటే ఎవరి బుగ్గో తడుముతున్నట్టుంటుంది. ఆ మాటలు ఆమెకి అలా తగులుతున్నాయి.

"నువ్వు ఒక్క మాట అనవేం?" అన్నాడు అద్దాలాయన ఆమె వైపు తిరిగి.

"ఏమనమంటారు?"

"కోపం రావట్లేదా నీకు?"

ఆమె నిజంగానే లోపలికి చూసుకుంది. ఎక్కడా ఏమీ కనబడలేదు.

"చూస్తున్నాను," అంది.

వేళాకోళం అనుకున్నాడు అతను. మొహం ముడుచుకున్నాడు.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. "అమ్మా, రమ్మన్నావట," అంటూ బుల్లి వచ్చింది. అద్దాలాయనకి ఒక్కతే చెల్లెలు. ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరి నెల కూడా తిరగలేదు. శనివారం ఒంటిపూట పని ముగించుకుని తిన్నగా ఇటే వచ్చినట్టుంది.

ఆమె ఒంటిమీద బూడిదరంగు కోటుంది.

అద్దాలాయన ఆ కోటునే చూస్తూ ఉండిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బుల్లి చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది.

"బాగాలేదా? నడుం దగ్గర కొంచెం బిగించి కుట్టించాను. వదినకున్నంత పొడుగు లేనుగా, చేతులు కూడా మడతపెట్టించా." వదిన వైపు తిరిగి నవ్వింది. "నువ్వే పంపించావని అమ్మ చెప్తే నాకు ఏడుపొచ్చింది వదినా. నీకు ఇవంటే ఎంత ఇష్టమో నాకు తెలీదా. ఆఫీసులో అందరూ అడుగుతున్నారు, ఎక్కడ కొన్నావని."



అత్తగారు కిటికీ వైపు చూస్తున్నారు. వార్డంతా చేతుల్లో పెట్టుకుని నడిపించిన మనిషికి, ఇప్పుడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"వదిన పంపించిందని చెప్పావా?" అన్నాడు అద్దాలాయన తల్లితో, చాలా మెల్లగా. "తను పంపించిందా?"

"అవును," అంది దుబాసి. "నేనే ఇమ్మన్నాను."

మేజోళ్ళలో ఒకటి జత దొరకలేదు. దాన్ని పక్కన పెట్టింది.

అద్దాలాయన ఆమెని అలా చూస్తూ నిలబడ్డాడు. "పొద్దుటినుంచీ నీ తరఫున గొంతు చించుకుంటున్నాను."

"మర్చిపోయాను."

"మర్చిపోయావు."

"ఊఁ."

అతను దుకాణం తాళాలు తీసుకున్నాడు. తలుపు దబాలున వేసి వెళ్ళినా బాగుండేది. చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్ళాడు.

"ఏమైంది వదినా?" అంది బుల్లి. "నేను రాకూడని వేళ వచ్చానా?"

"ఏం లేదు. ఇస్త్రీ చేసేటప్పుడు కోటు మీద తడిగుడ్డ వేసి చెయ్యి. నేరుగా పెడితే మెరుపు తేలుతుంది."

*

బీరువా కింది అరలో అత్తగారు వదిలేసినవి రెండు నల్ల ప్యాంట్లు, ఒక తెల్ల చొక్కా మిగిలాయి. బుల్లి పెద్దాణ్ణి ఆడించడానికి పెరట్లోకి తీసుకెళ్ళాక, దుబాసి గది తలుపు దగ్గరగా వేసి వాటిని తొడుక్కుని చూసింది.

మొదటి ప్యాంటు తొడల దగ్గరే ఆగిపోయింది. రెండోది ఎలాగో పైకి వచ్చింది గాని జిప్పు సగంలో మొరాయించింది. ఊపిరి బిగబట్టి లాగితే పొత్తికడుపు మీద, కోతపెట్టి కుట్టిన గీతకి పైన, చర్మం మడతలా పొంగి నడుంపట్టీ మీదికి జారింది. ఆ గీత చుట్టూ ఇప్పటికీ స్పర్శ లేదు. చొక్కాకి కిందినుంచి మూడు గుండీలు పడ్డాయి. పైవి పడలేదు. పాపాయికి పాలిచ్చే వేళ దాటిందేమో, రెండు వైపులా బరువుగా ఉంది.

బాధపడాల్సిన చోటు ఇదేనని ఆమెకి తెలుసు. కాసేపు నిలబడింది. బాధ రాలేదు. ప్యాంటు విప్పడం మాత్రం కష్టమైంది.

"ఎందుకన్నావలా?"

తలుపు సందులో అత్తగారు. ఎప్పుడొచ్చారో.

"ఎలా అత్తయ్యా?"

"నువ్వే ఇమ్మన్నావని."

"అంతటితో అయిపోతుందని."

"బుల్లికి నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు."

అత్తగారు లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ ఆ గదిలో కూర్చోవడం అరుదు. కోడలి ఒంటిమీద సగం గుండీలు పడ్డ చొక్కాని, కింద పడున్న ప్యాంటుని ఆసుపత్రి చూపుతోనే చూశారు. ఆ చూపులో సిగ్గూ లేదు, జాలీ లేదు.

"రోజూ పొద్దున్నే బీరువా తీసి దాని ముందు నిలబడతావు," అన్నారు. "ఏదీ తియ్యవు, ఏదీ పెట్టవు. మళ్ళీ మూసేస్తావు. నెలరోజులుగా చూస్తున్నాను. పోయినవారం నేను ఖాళీ చేశాక కూడా అలాగే నిలబడ్డావు, ఏవని అడగలేదు. వార్డులో మనిషి పోయాక, మంచం ఖాళీ చెయ్యమంటే కదలకుండా అలాగే నిలబడేవాళ్ళుంటారు. వాళ్ళని బయటికి పంపించి నేనే దుప్పటి తీసేసేదాన్ని. ఎవరో ఒకరు తియ్యాలిగా."

దుబాసి కింద పడున్న ప్యాంటు తీసి మడత పెట్టింది.

"మంచి చేశానో చెడు చేశానో నాకు తెలీదు. అడిగి చెయ్యాల్సింది. అడగలేదు." ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "పాపాయిని సిద్ధం చెయ్యి. పెద్దాడు బుల్లితో ఉంటాడు. నడు, బట్టల కొట్టుకి పోదాం."

"నేను తర్వాత వెళ్తాలెండి."

"తర్వాతంటే సోమవారం దాటాకా?"

*

బట్టల దుకాణంలో ఆఫీసు దుస్తులు రెండో అంతస్తులో ఉన్నాయి. పాపాయి తోపుడుబండిని లిఫ్టులో పైకి తెచ్చారు. మెడలో కొలత టేపు వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చింది.

"ఏ సైజు మేడం?"

దుబాసి నోటివెంట పాత సైజు వచ్చింది. ఇన్నేళ్ళూ చెప్పిన అంకె, ఆలోచించే పని లేకుండా వచ్చేసింది. ఆ అమ్మాయి ఒకసారి ఆమెని చూసి, ఏమీ అనకుండా ఆ సైజే తెచ్చింది.

తెర వెనక ఇరుకు గది. మూడు వైపులా అద్దాలు. దుబాసి ఆ అమ్మాయి తెచ్చినది తొడుక్కోబోయి, తెర సందులోంచి వెనక్కి ఇచ్చింది. ఒక సైజు పెద్దది వచ్చింది. అదీ వెనక్కి వెళ్ళింది.

"ఇలా ఎన్నిసార్లు తిప్పుతారు, ముందు కొలత తియ్యమ్మా," అన్నారు బయటినుంచి అత్తగారు.

కొలత తీసింది ఆ అమ్మాయి. నడుం అంకెని దుబాసి చెవి దగ్గర, చావుకబురు చెప్పినట్టు చెప్పింది.

"గట్టిగా చెప్పు, నాకు వినపడలా."

"అంటే, మేడం ఇబ్బంది పడతారని."

"అదేమైనా రోగం పేరా, గుసగుసలాడటానికి? అంకె. చెప్పు."

అమ్మాయి చెప్పింది. పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. దుబాసికి నవ్వు వచ్చే చోటు తెలిసింది గాని నవ్వు రాలేదు.

అక్కణ్ణుంచి పని సాఫీగా సాగింది. ముదురు నీలం ప్యాంటు నడుం దగ్గర కూర్చుంది. చొక్కా విషయంలో అత్తగారు పట్టుబట్టారు. ముందు వైపు గుండీలుండాలి, తల మీదనుంచి తొడుక్కునేది వద్దు. తెలుపు వద్దు, పాలు కారితే తెలుస్తుంది. కూర్చుని చూడు, కూర్చున్నప్పుడు గుండీల మధ్య నోళ్ళు తెరుచుకుంటాయి. చెయ్యెత్తు. ఇంకా ఎత్తు.

దుబాసి కూర్చుంది, చెయ్యెత్తింది. అద్దాల్లో ఒకదానిలో ఆమె వీపు కనబడింది. వెడల్పైన వీపు, మెడ దగ్గర కొంచెం వంగింది. బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఎవరో ఆవిడ వీపులా ఉంది. ఆవిడ మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. ఎక్కడ దిగుతుందో అనిపించింది, అంతే.

వంకాయరంగు చొక్కా మీద సన్నటి నల్లగళ్ళు. అన్ని గుండీలూ పడ్డాయి. లాగలేదు, నొక్కలేదు.

"సరిపోయిందా?" అన్నారు అత్తగారు.

"సరిపోయింది."

"ఎలా ఉంది?"

"సరిపోయింది అత్తయ్యా."

వేసుకొచ్చిన పాత చొక్కా ముందంతా పాలతో తడిసింది. కొత్తదే ఉంచేసుకోమని, ధర చీటీ కత్తిరిస్తానని అమ్మాయి కత్తెర కోసం వెళ్ళింది. అప్పుడు ఫోను మోగింది.

ఆమెకి పనులు పంపే ఏజెన్సీ మేనేజరు. ఎప్పుడూ క్షమాపణతోనే మొదలుపెడతాడు. "సెలవురోజు చేస్తున్నాను, ఏమనుకోకండి. సోమవారం పనిలో చిన్న మార్పు. ఓడల కంపెనీవాళ్ళు చర్చలు ఇక్కడ వద్దన్నారు. రేవు దగ్గరే పెట్టుకున్నారు. అంటే రైల్లో ఒక రాత్రి ప్రయాణం. ఉండటం రెండు వారాలు."

"రెండు వారాలు."

"మీకు చంటిపాప. కుదరదంటే ఎవరూ తప్పుపట్టరు. మీ జూనియరు పెట్టె సర్దుకునే ఉన్నాడు. ఈసారి కాకపోతే ఇంకోసారి."

"ఇంకోసారంటే ఎప్పుడు?"

"ఓడలవాళ్ళు ఒక గొంతుకి అలవాటుపడితే ఆ గొంతునే అడుగుతారు. మీకు తెలియందేముంది. మొదట్లో మీకు అలాగే కదా."

అవతల తెరకి అటువైపు పాపాయి బండి పట్టీని నమిలి ఉమ్మేస్తున్న చప్పుడు వినబడుతోంది.

"వస్తాను," అంది దుబాసి.

"ఇంట్లో అడిగి చెప్పినా పర్వాలేదు. సాయంత్రం దాకా..."

"వస్తానండీ. టిక్కెట్టు పంపించండి."

ఫోను పెట్టేశాక తన గొంతు తనకే వింతగా వినబడింది. ఎవరో అన్న మాటని తను తిరిగి పలికినట్టుంది. ఎవరన్నారో మాత్రం తెలియలేదు.

తెర తీసింది. అత్తగారు బండి పక్కనే నిలబడున్నారు. ఆవిడ చెవులకి ఏ లోపమూ లేదు.

"రెండు వారాలా?"

"అవును."

"ఇది సీసా పట్టదు."

"తెలుసు."

అత్తగారు పాపాయి నోట్లోంచి పట్టీ తీసి, చొంగ తుడిచారు. చాలాసేపు తుడిచారు. తర్వాత బట్టలు వేలాడుతున్న కడ్డీ వైపు తిరిగారు.

"అయితే ఈ ఒక్క జత ఏ మూలకి," అన్నారు.

*

ఇంటికొచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. బుల్లి వెళ్ళిపోయింది. అద్దాలాయన దుకాణం త్వరగా కట్టేసి వచ్చి, వంటగది బల్ల దగ్గర పెద్దాడికి తినిపిస్తున్నాడు. పొద్దుటి కోపం కొంత తగ్గినట్టే ఉంది. సంచుల వైపు చూసి, "దొరికాయా?" అన్నాడు.

"దొరికాయి."

"ఇది బాగుంది," అన్నాడు చొక్కాని చూసి. నిజంగానే అన్నాడు.

"అమ్మా, నువ్వు టీచర్‌లా ఉన్నావు," అన్నాడు పెద్దాడు నోటినిండా కుక్కుకుని.

అప్పుడు చెప్పింది. రేవు పట్టణం, రెండు వారాలు, రేపు రాత్రి రైలు. వాతావరణ వార్తలు చదివినట్టు వరసగా చెప్పింది.

అద్దాలాయన చెంచా కింద పెట్టాడు.

"ఒరే, నేనున్నాను కదా..." అన్నారు అత్తగారు.

"నువ్వు కాసేపు ఊరుకో అమ్మా." దుబాసి వైపు చూశాడు. "వస్తానని చెప్పేశావా?"

"చెప్పేశాను."

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"అనిపించలేదు."

"అబద్ధమైనా చెప్పొచ్చుగా. పొద్దున చెప్పావుగా, ఎంత చక్కగా చెప్పావు." అతని గొంతు పెరగలేదు. "నీకేమవుతోందో నాకు తెలీడం లేదు. ఏడవవు. అరవవు. పక్కనే పడుకుంటావు, ఎక్కడో ఉంటావు. ఉద్యోగంలో చేరితే మనిషివవుతావని నేనే కదా అన్నది? సోమవారం ఎప్పుడొస్తుందా అని నీకంటే నేనే ఎక్కువ చూశాను. ఇదా?"

ఆమెకి అతను చెప్పినదంతా అర్థమైంది. ప్రతి మాటా న్యాయమే అనిపించింది. జవాబుగా చెప్పాల్సినది ఏదో ఉండే ఉంటుంది.

"వెళ్ళాలి," అంది.

"ఎందుకు? ఒక్క కారణం చెప్పు."

"అక్కడ ఒక పక్క వాళ్ళుంటారు, ఒక పక్క వీళ్ళుంటారు. మధ్యలో నేను కూర్చుంటాను." ఆగింది. "అంతకన్నా తెలీదు."

ముందుగదిలో బండిలో నిద్రపోతున్న పాపాయి లేచింది. మొదట మూలిగింది, తర్వాత గుక్కపట్టింది. అది ఆకలి ఏడుపని ముగ్గురికీ తెలుసు.

అద్దాలాయనే లేచి వెళ్ళాడు. పాపాయిని ఎత్తుకుని వచ్చి, దుబాసి ఒళ్ళో కూర్చోబెట్టాడు.

"సీసా పట్టదు, కప్పుతో పడితే ఉమ్మేస్తుంది. మెత్తగా చేసి పెడితే రెండు ముద్దలు తింటుంది గాని నిద్దరకి నువ్వే కావాలి. రేపు రాత్రి నుంచి ఉండవు. అయితే ఇవాళే మాన్పించు. ఇప్పుడే." అతని కళ్ళలో నీళ్ళున్నాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకోలేదు. "నువ్వెళ్ళాక దానికి సమాధానం చెప్పుకోవాల్సింది నేను. నువ్వుండగానే చెప్పి వెళ్ళు. నాకు కాదు. దానికి."

"ఒరే," అన్నారు అత్తగారు. మాన్పించడం ఒక్క పూటలో అయ్యే పని కాదని ఆవిడకి తెలుసు. కొడుకు పూర్తిగా తప్పు మాట్లాడటం లేదనీ తెలుసు.

పెద్దాడు తినడం ఆపి అందర్నీ చూస్తున్నాడు.

పాపాయి తల్లి గుండె మీదికి వంగింది. కొత్తబట్ట వాసనకి మొహం వెనక్కి తీసుకుంది. అనుమానంగా చూసింది. మళ్ళీ వంగి, తలతో పొడుస్తూ, పిడికిళ్ళతో చొక్కా పట్టుకుని లాగింది. ఏడుపు ఆగిపోయింది. వెతుకుతోంది.

పాలు చేపుకొచ్చాయి. రెండు వైపులా ఒక్కసారి, సూదులు గుచ్చినట్టు. దుబాసి ఉలిక్కిపడింది. ఆ రోజంతటికీ ఒంట్లో ఆమెకి తెలిసిన మొదటి సంగతి అది. నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది. వంకాయరంగు చొక్కా మీద రెండు చోట్ల రంగు ముదురుతోంది.

ఆమె చెయ్యి పై గుండీ దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా అతను నిలబడే ఉన్నాడు, కదలడం లేదు.

పాపాయి తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. దుబాసి వేళ్ళు గుండీని పట్టుకునే ఉన్నాయి, తియ్యడానికో, తెరుచుకోకుండా ఆపడానికో.